కంచం మీద అడ్డం పెట్టిన చెయ్యి

మా అమ్మని నర్సింగ్ హోమ్‌లో చేర్చామంటే తాడేపల్లిగూడెంలో మా వీధివాళ్లు మొదట అడిగేది ఒకటే. "ఏం ఆపరేషనండీ?" మా వైపు నర్సింగ్ హోమ్ అంటే కాన్పులు చేసే చోటు, విరిగిన చేతులకి కట్లు కట్టే చోటు. మా పాప కూడా అలాంటి చోటే పుట్టింది. అక్కడికి వెళ్లినవాళ్లు నాలుగు రోజులకో వారానికో ఇంటికి వచ్చేస్తారు.

అమ్మ ఉన్నది అలాంటిది కాదు. ఏలూరు చివర, చేపల చెరువులు మొదలయ్యే వైపు, పెద్దవాళ్లని ఉంచుకుని చూసుకునే చోటు. బోర్డు మీద నర్సింగ్ హోమ్ అనే రాసి ఉంటుంది. వృద్ధాశ్రమం అనడానికి నాకు నోరు రాదు. "ఆపరేషన్ కాదండీ, కొన్నాళ్లు అక్కడ ఉంటుంది" అంటాను. ఎన్నాళ్లని అడిగితే, పాప ఏడుస్తోందని లోపలికి వచ్చేస్తాను, పాప ఏడవకపోయినా.

నాన్న పోయాక అమ్మ కొల్లేటి ఒడ్డున మా ఊళ్లోనే ఉండేది. చెరువుల దగ్గర పనికి వెళ్లేది, ఎవరినీ చెయ్యి చాచి అడగలేదు. వాకిట్లో పడి తుంటి విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ అప్పటినుంచి మతిమరుపు ఎక్కువైంది. అంతకు ముందే మొదలై ఉంటుందని డాక్టరుగారు అన్నారు. మా ఇంటికి తీసుకొచ్చాం. మాది మేడ మీద రెండు గదుల అద్దె వాటా. ఒకరోజు పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను స్టవ్ మీద పాలు చూడ్డానికి వెళ్లాను. వీధిలో ఎవరో పిలిచినట్టు అనిపించిందేమో, లేచి నిలబడింది, ఒళ్లో పాప ఉందన్న సంగతే మర్చిపోయి. కింద చాప ఉండబట్టి పాపకి ఏం కాలేదు. పాప ఏడుపు విని అమ్మ నావైపు తిరిగి, "ఎవరి పిల్లే, పాపం, అలా వదిలేశారు?" అంది.

ఆ రాత్రి మా ఆయన పాప పక్కని అమ్మకి దూరంగా, తన వైపు జరుపుకున్నారు. ఎందుకో నాకు అర్థమైంది. ఆయన్ని తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు, అదే భయం నా మనసులోనూ ఉంది.

అమ్మని ఉంచడానికి చోటు వెతుకుతూ మేం తిరగని ఊరు లేదు. తణుకులో ఒకటి చూశాం. గుమ్మంలోనే ఉచ్చ వాసన. ద్వారకా తిరుమల దారిలో ఒకటి చూశాం. తోట బాగుంది, పక్షులున్నాయి, కానీ రాత్రిపూట నర్సు లేదు. ఏలూరులో ఈ చోటు దొరికేసరికి నేను పరీక్ష పెట్టడంలో ఆరితేరిపోయాను. ఏమేం చూడాలో ఫోన్లో చదివాను, ఆసుపత్రిలో పనిచేసే స్నేహితురాలిని అడిగాను. మంచినీళ్ల గ్లాసు మంచం మీంచి చెయ్యి చాస్తే అందుతుందా? బెల్లు కొడితే ఎంతసేపటికి వస్తారు? పడుకున్నవాళ్ల గోళ్లు చూడమంది స్నేహితురాలు. గోళ్లు శుభ్రంగా ఉంటే మిగతావి కూడా చూసుకుంటున్నట్టేనట. నేను గోళ్లు చూశాను. ఒక మామ్మగారు నేను చెయ్యి పట్టుకోగానే, "జాతకం చెబుతావా అమ్మా?" అని అడిగింది.

"చెబుతానండీ" అన్నాను.

"నా జాతకం అయిపోయింది, నీది చెప్పుకో" అంది, నవ్వుతూ.

అన్నిటిలోనూ ఈ చోటికి మంచి మార్కులే వేశాను. ఇప్పటికీ అవే వేస్తాను. అది ముందే చెప్పాలి, ఎందుకంటే తరవాత జరిగినదానికి నేను ఎవరినీ నిందించలేకపోయాను.

చూడ్డానికి రానిచ్చేది సాయంత్రం పూట. వారానికొకసారి పాపని పక్కవాటా ఆవిడ దగ్గర వదిలి రైలెక్కేదాన్ని. అమ్మకి తల దువ్వి ఉండేది. వీపు చూసేదాన్ని, పుండ్లు లేవు. దుప్పట్లు ఎండ వాసన వేసేవి. "ఎలా చూస్తున్నారమ్మా?" అంటే, "బానే చూస్తున్నారు" అనేది. మా వైపు బానే అనే మాటకి కొలత లేదు. కడుపు నిండినా బానే, కడుపు మాడినా బానే. చుట్టాలింటికి వెళ్లి వచ్చినవాళ్లు బానే చూశారంటే, ఆ అన్న తీరుని బట్టి మిగతాది మనమే ఊహించుకోవాలి. అమ్మ ఇప్పుడు ఆ మాటని అన్నిసార్లూ ఒకే తీరుగా అంటోంది.

కానీ జాకెట్లు వదులైపోతున్నాయి. మొదటిసారి పక్కల కుట్టు వేసి తెచ్చాను, బట్ట సాగిందేమో అనుకుని. తరవాత వెళ్లేసరికి అదీ వదులే. ముఖంలో ఎముకలు కనిపిస్తున్నాయి. డాక్టరుగారు రక్తపరీక్షలు చేయించారు, షుగరు లేదు, థైరాయిడ్ బాగుంది. "తింటోందాండీ?" అని అడిగితే, "పెడుతున్నామండీ, ఆవిడ తిన్నంత తింటున్నారు" అన్నారు. అబద్ధం చెబుతున్నారనుకున్నాను. సగం వండి సగం మిగుల్చుకుంటున్నారేమో అనుకున్నాను. రైల్లో తిరిగి వస్తూ కిటికీలోంచి చెరువులూ, చేపలకి గాలి అందడానికి వాటి మీద తిరిగే ఫ్యాన్లూ చూస్తూ ఇంకా చాలా అనుకున్నాను. అమ్మని కొడుతున్నారేమో, తిడుతున్నారేమో. పాప పుట్టినప్పటినుంచి నా బుర్ర అలాగే తయారైంది. ఏ చిన్న అలికిడికైనా దాని చివర జరగబోయే ఘోరందాకా వెళ్లి చూసేసి వస్తుంది.

ఒకసారి మా అత్తగారు వచ్చి ఉన్నారు. పాపని ఆవిడ చూసుకుంటానన్నారు కాబట్టి పొద్దున్నే బయలుదేరాను. అది రానిచ్చే వేళ కాదు కాబట్టి, అమ్మకి మారిన మాత్రలు ఇవ్వాలని చెప్పి లోపలికి వెళ్లాను. భోజనాల వేళ. హాల్లో పొడుగు బల్ల చుట్టూ పెద్దవాళ్లు కూర్చున్నారు. నేను గుమ్మం పక్కనే నిలబడ్డాను. దొంగచాటుగానే, ఒప్పుకుంటాను.

పప్పు, దొండకాయ వేపుడు, చారు. మంచి వాసనే వస్తోంది. నల్లజర్ల నుంచి వచ్చి పనిచేస్తున్న ఒకమ్మాయి వడ్డిస్తోంది. అమ్మ కంచంలో పిడికెడు అన్నం పెట్టి, పప్పు వేసి, అమ్మ తిన్నాక మళ్లీ వచ్చింది.

"మామ్మగారూ, ఇంకొంచెం అన్నం పెట్టమంటారా?"

అమ్మ చెయ్యి కంచం మీద అడ్డం పెట్టింది. "వద్దమ్మా, చాలు చాలు."

"సరేనండీ" అని ఆ అమ్మాయి పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.

అమ్మ చెయ్యి తియ్యలేదు. అలా అడ్డం పెట్టుకునే కూర్చుంది, ముఖంలో చిన్న నవ్వుతో, వేళ్లు కొంచెం ఎడంగా ఉంచి. ఆ ఎడం ఎందుకో నాకు తెలుసు.

నాన్న ఉండగా మా ఊళ్లో చేపల చెరువు పట్టే రోజున మా ఇంట్లో వలలు లాగేవాళ్లకీ, ఐసు లారీలవాళ్లకీ భోజనాలు ఉండేవి. అమ్మే వడ్డించేది. అన్నం మళ్లీ తెస్తే ఎవరూ పెట్టించుకోరు. చెయ్యి అడ్డం పెట్టి చాలండీ అంటారు. మొదటిసారి వద్దనడం మర్యాద. రెండోసారి వద్దనడం కూడా మర్యాదే. పెట్టమని అడగడం కక్కుర్తి. అమ్మకి ఇదంతా ఒక ఆట. "చెయ్యి తీస్తారా, చేతి మీద పోసెయ్యమంటారా పులుసు?" అనేది. "పోసెయ్యండి, చెయ్యి కూడా తినేస్తాం" అనేవాళ్లు లారీవాళ్లు. వేళ్ల సందుల్లోంచే అన్నం జారవిడిచేది. మూడోసారి అడగని ఇంట్లో తిని వచ్చినవాళ్లు సగం కడుపుతో వచ్చినట్టే. అలాంటి ఇంటి గురించి మాట్లాడేటప్పుడే బానే చూశారు అనే మాట వచ్చేది.

అమ్మ ఇప్పుడు తను ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చాననుకుంటోంది. ఇన్ని మంచాలు, ఇంతమంది మనుషులు, వేళకి భోజనాలు. పెళ్లివారిల్లు అనుకుంటోంది. నన్ను చాలాసార్లు అడిగింది, "ఎవరి పెళ్లే?" అని. నేను దాన్ని మతిమరుపు అనుకుని నవ్వి ఊరుకున్నాను. పెళ్లివారింట్లో ఎలా కూర్చోవాలో మాత్రం ఆవిడ ఏమీ మర్చిపోలేదు.

వడ్డించే అమ్మాయిని వరండాలోకి పిలిచి చెప్పాను. తనకి చెప్పాల్సిన పనే లేదు. "తెలుసండీ. మా ఇంట్లో అయితే నేనూ ఊరుకోను. ఇక్కడ వద్దంటే వద్దేనండీ, మేడంగారు ఒప్పుకోరు" అంది. ఇదివరకు ఎవరో తాతగారికి బలవంతంగా పెడుతుంటే పొలమారి ప్రాణం మీదికి వచ్చిందట. అప్పటినుంచి అది నియమం.

మేడంగారు అంటే ఆ చోటు నడిపే ఆవిడ. పూర్వం నర్సుగా చేశారు. నన్ను కూర్చోమని, మజ్జిగ తెప్పించి, అంతా విన్నారు.

"పెద్దవాళ్ల మాటకి మనం విలువ ఇవ్వాలి కదండీ" అన్నారు. "వద్దంటే వద్దని అర్థం."

"మా అమ్మ వద్దంటే ఇంకోసారి అడగమని అర్థమండీ."

"ఇంకోసారి అడిగితే మళ్లీ వద్దంటారు కదండీ."

"మూడోసారి అడగాలండీ."

"మూడోసారి నిజంగానే వద్దయితే? ఎలా తెలుస్తుందండీ మాకు?"

చేతి వేళ్ల మధ్య ఎడం చూడండి అని చెప్పాలనిపించింది. అంతమంది పెద్దవాళ్లు, వడ్డించేవాళ్లు ఇద్దరు. ఎవరి వేళ్లని చూస్తారు? ఆవిడ చెప్పింది తప్పని కూడా అనలేను. నేను చదివిన మంచి చోటు లక్షణాల్లో అది కూడా ఉంది. ఇష్టం లేకుండా పెట్టకూడదు, మాట వినాలి. దానికి కూడా నేను మంచి మార్కులే వేసి ఉన్నాను.

అయినా ఆవిడ మంచిమనిషి. మూడుసార్లు అడగమని చెబుతానన్నారు.

ఆ మరుసటి వారం వెళ్లేసరికి అమ్మ కోపంగా ఉంది. నా చెవిలో, "ఆ పిల్లకి పొగరే" అంది.

"ఏమందమ్మా?"

"పెట్టమంటారా, పెట్టమంటారా, పెట్టమంటారా అని ఒకటే దెప్పు. ఏం, నేను తిండికి మొహం వాచి వచ్చానా వాళ్లింటికి?"

ఆ అమ్మాయి నవ్వలేక నవ్వింది. "చెప్పినట్టే మూడుసార్లు అడిగానండీ. మామ్మగారిని రోజూ బొట్టు పెట్టి పిలవాలండీ, నా వల్ల అవుతుందా" అంది. తప్పు తనది కాదు. అడగడానికీ అడగడానికీ మధ్య ఒక కబురు ఉండాలి, ఒక పరాచికం ఉండాలి, వేరేవాళ్లకి వడ్డించి తిరిగి రావాలి. అది నియమంగా రాసి గోడకి అంటించేది కాదు.

ఇది చుట్టాలిల్లు కాదని చెప్పేస్తే సరిపోతుందని నాకు తోచింది. అమ్మ పక్కన కూర్చుని, "అమ్మా, ఇది మనిల్లే. ఎవరిల్లో కాదు. నీకు కావలసినంత పెట్టుకు తిను" అన్నాను. అమ్మ చుట్టూ చూసింది. ముఖం మారింది. నాకు ఎంత సంతోషం వేసిందంటే, వెంటనే మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను, ఉపాయం దొరికిందని.

రెండు రోజులకి మేడంగారు ఫోన్ చేశారు. అమ్మ భోజనానికి కూర్చోవడమే మానేసిందట. వాకర్ పట్టుకుని బల్ల చుట్టూ తిరుగుతూ, అందరికీ వడ్డించారా లేదా చూస్తోందట. "మీరు కానివ్వండి, నాకేం తొందర, అందరూ తిన్నాక తింటాను" అంటోందట. అందరూ తిన్నాక కూర్చోబెడితే, గిన్నెలో ఏం మిగిలిందో చూసి, "రాత్రికి ఉండనివ్వండి" అని లేచిపోతోందట.

ఫోన్ పెట్టేసి పాపకి ఉగ్గు పెట్టడానికి కూర్చున్నాను. పాప మూతి తిప్పేసింది. కాకిని చూపించాను, మేడ కిందికి పోయే ఆటోని చూపించాను, మళ్లీ చెంచా పెట్టాను. మళ్లీ తిప్పేసింది. మళ్లీ పెట్టాను. పిల్లకి నేను రోజూ ఎన్నిసార్లు అడుగుతానో నాకే లెక్క తెలియదు. ఒక్కసారి వద్దంటే ఊరుకుంటే నన్ను తల్లి అంటారా?

చుట్టమైతే వద్దంటుంది, ఇల్లాలైతే చివర తింటుంది. అమ్మకి తెలిసినవి ఆ రెండే. మొదట కూర్చుని కడుపునిండా తినే మనిషిగా ఆవిడ ఎప్పుడైనా ఉందా అని ఆలోచిస్తే నాకు ఒక్కరోజు కూడా గుర్తు రాలేదు. మా ఇంటికి తెచ్చేద్దామని మా ఆయనతో అన్నాను. ఆయన పాప వైపు చూశారు. నేనూ చూశాను. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

తరవాత వారం నేనే వెళ్లి, మేడంగారిని అడిగి భోజనం దగ్గర కూర్చున్నాను. మళ్లీ చుట్టాలిల్లు అనే చెప్పాను అమ్మకి. తిరిగి చుట్టం కావడానికి ఆవిడకి ఎంతోసేపు పట్టలేదు. "పెట్టించుకో అమ్మా" అని నేనే గరిటె తీసుకున్నాను. అమ్మ నా తొడ మీద గిల్లింది, చిన్నప్పుడు గిల్లినట్టే. "ఊరుకోవే, వాళ్లేమనుకుంటారు?" అంది. చుట్టం కూతురు ఎక్కడైనా మారు వడ్డిస్తుందా? ఆ ఇంటివాళ్లు వడ్డించాలి. కూతుర్ని కాబట్టి నేను పెట్టకూడదు.

అది రైల్లో కూర్చున్నాక అర్థమైంది నాకు.

అమ్మ నన్ను ఎదురుగా గుర్తుపడుతుంది కానీ ఫోన్లో గుర్తుపట్టడం మానేసి చాలాకాలమైంది. వీడియో కాల్ చేస్తే నా ముఖం వైపు చూసి మర్యాదగా నవ్వుతుంది, అంతే. అదివరకు అందుకని ఫోన్ చెయ్యడమే మానేశాను, చేస్తే రోజంతా ఏడుపు వచ్చేది. ఇప్పుడు ఆ అమ్మాయిని అడిగాను, భోజనం వేళకి ఫోన్ బల్ల మీద గ్లాసుకి ఆనించి పెట్టమని. వీలైనప్పుడు పెడతానంది.

మొదటిరోజు పాపని చంకన వేసుకుని, ఆ ఇంటి ఇల్లాలిలా గొంతు సవరించుకున్నాను.

"ఏవండీ పిన్నిగారూ, మీరసలు ఏమీ వేసుకోలేదు."

అమ్మ ఫోన్ వైపు చూసి చెయ్యి అడ్డం పెట్టింది. "చాలండీ, చాలా తిన్నానండీ."

"ఏం తిన్నారండీ, పిచ్చుక తిన్నట్టు తిన్నారు. మా వంట నచ్చలేదా?"

"అయ్యో, ఎంత మాటండీ. బ్రహ్మాండంగా ఉంది."

"మరి చెయ్యి తీస్తారా, చేతి మీద పోసెయ్యమంటారా పప్పు?"

అమ్మ నవ్వింది. పెద్దగా, మా ఊళ్లో నవ్వినట్టు. చెయ్యి తీసింది. వెనక నుంచి ఆ అమ్మాయి అన్నం పెట్టింది. అమ్మ కలుపుకుని తినడం నేను చూశాను.

ఇప్పుడు కుదిరిన ప్రతిరోజూ అదే చేస్తున్నాను. అన్ని రోజులూ కుదరదు. సిగ్నల్ ఉండదు, ఆ అమ్మాయికి సెలవు ఉంటుంది, పాపకి జ్వరం వస్తుంది. కుదరని రోజున అమ్మ ఏం తిందో నాకు తెలియదు. జాకెట్లు అంతకన్నా వదులు కాలేదు, బిగువూ కాలేదు. మేడంగారు, "ఇలా ఎన్నాళ్లు చేస్తారండీ మీరు?" అన్నారు, జాలిగానే. మా వీధివాళ్ల ప్రశ్నే అది. ఆవిడ దగ్గర పాప ఏడుస్తోందని లోపలికి వచ్చేసే వీలు లేదు.

ఎదురుగా వెళ్లినప్పుడు అమ్మకి కూతుర్నే. ఫోన్లో మాత్రం ఆవిడ నన్ను అండీ అంటుంది, మీరు అంటుంది. మా అమ్మ నోట నేను మీరు అనిపించుకుంటే తప్ప ఆవిడ రెండోసారి అన్నం పెట్టించుకోదు. మొదట్లో ఆ అండీ విన్నప్పుడల్లా ఫోన్ పక్కకి తిప్పేసుకునేదాన్ని. ఇప్పుడు అది వినపడకపోతే భయం వేస్తుంది, ఇవాళ తినదేమోనని.

ఈ మధ్యాహ్నం జరిగింది పాప పడుకున్నాక రాసుకుంటున్నాను. అమ్మ రెండోసారి అన్నం పెట్టించుకుని, మజ్జిగ పోయించుకుని, కలుపుతూ ఆగింది.

"ఎన్ని ఇళ్లు తిరిగానో అండీ, మీలాగా చూసుకున్నవాళ్లు లేరు" అంది. "మీ అమ్మగారు ఉన్నారాండీ?"

"ఉన్నారండీ."

"భోంచేశారా ఆవిడ?"

"ఇప్పుడే, తింటున్నారండీ."

"దగ్గరుండి పెట్టండి" అంది అమ్మ. "పెద్దవాళ్లు అడగరు."

అప్పుడు పక్కనెవరో బల్లకి తగిలారు. ఫోన్ గ్లాసు మీంచి జారి వెల్లకిలా పడింది. నాకు పైకప్పూ, తిరుగుతున్న ఫ్యానూ కనిపించాయి. "పిన్నిగారూ, తింటున్నారాండీ?" అని రెండుమూడుసార్లు పిలిచాను. కంచాలు తీస్తున్న చప్పుడు వినిపించింది. అమ్మ కంచం మజ్జిగన్నం ఉండగానే తీశారో, తిన్నాక తీశారో, ఆ ఫ్యాను తప్ప నాకేమీ కనపడలేదు.